నేరము – చట్టము – వెండితెర

గత సంవత్సరము తొమ్మిదవ తరగతి విద్యార్థులను “న్యాయము” అను విషయముపై ఒక వ్యాసము వ్రాయుమంటిని. ఏ పుస్తకము నుండియు ఎత్తి వ్రాయరాదనియు, తమకు తోచినది తమ మాటలలోనే వ్రాయవలెననియు చెప్పితిని. ఆ రాత్రి వ్రాతపుస్తకములు ముందు పెట్టుకొని దిద్దుచుండగా నాకు ఆశ్చర్యము కలిగినది. పెక్కుమంది వ్రాసినది ఒక్కటే. హత్య చేసినవానిని, స్త్రీలపై అత్యాచారము చేసినవానిని కోర్టుల చుట్టు త్రిప్పనక్కరలేదు. పట్టుకొన్న చోటనే కాల్చివేయవలెను. ఇందుకు సాక్ష్యముగా తాము చూచిన సినిమాల పేర్లు కూడ కొందరు పేర్కొనిరి. ఒక బాలుడు మరియొక అడుగు ముందుకు వేసి, “దుర్మార్గుడెవడో అందరికిని తెలిసినదే గదా, ఇంక విచారణ దేనికి?” అని వ్రాసి ముగించెను.

అక్షరదోషములు దిద్దితిని. ఆ ప్రశ్నకు మాత్రము పుస్తకపుటంచున నాలుగు మాటలలో జవాబు వ్రాయలేకపోతిని. ఆనాడు వ్రాయలేని జవాబే ఈ వ్యాసము. ఇది విద్యార్థులకు మాత్రమే కాదు, వారితో కూర్చుండి సినిమాలు చూచు తల్లిదండ్రులకును ఉద్దేశింపబడినది.

మొట్టమొదట ఒక మాట చెప్పవలెను. ఆ పిల్లల కోపము తప్పు కాదు. ఘోరమును చూచి కోపము రానివాడు మంచివాడనిపించుకొనడు. 2019 నవంబరు 27వ తేదీ రాత్రి హైదరాబాదు శివారున ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారము, హత్య మన ఇండ్లలో ఎంతటి కలవరము కలిగించినవో పెద్దలకు జ్ఞాపకముండును. డిసెంబరు 6వ తేదీ తెల్లవారకమునుపే, నిందితులు నలుగురును షాద్‌నగరు దగ్గర చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పులలో మరణించిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. నేనును ఆ వార్త విని “మంచి పనియే జరిగినది” అని తలచినవాడనే. దాచవలసిన పని లేదు. ఆడపిల్లలున్న ఇంటివారెవరికైనను ఆ క్షణమున అట్లే తోచియుండును.

ఆ కోపమునకు వెనుక మరియొక కారణము కూడ కలదు. అది కోర్టుల ఆలస్యము. 2012 డిసెంబరు 16న ఢిల్లీ నగరములో బస్సులో జరిగిన ఘోరమునకు విచారణ న్యాయస్థానము తొమ్మిది నెలలలోనే తీర్పు చెప్పినది. అయినను నలుగురు దోషులకు ఉరిశిక్ష అమలైనది 2020 మార్చి 20న. నడుమ ఏడేండ్లు గడచినవి. కన్నకూతురిని పోగొట్టుకొన్న తల్లికి ఏడేండ్లు ఎంత కాలమో మనము చెప్పనక్కరలేదు. ఈ ఆలస్యమువలన నష్టపడునది బాధితులు మాత్రమే కాదు. 2022వ సంవత్సరాంతమున మన దేశపు కారాగారములలో 5,73,220 మంది బందీలుండగా, వారిలో 4,34,302 మంది తీర్పు ఇంకను వెలువడక విచారణలో నున్నవారే. అనగా నూటికి 76 మంది. వారిలో దోషులెవరో, నిర్దోషులెవరో ఇంకను తేలలేదు. కనుక చట్టము నెమ్మదిగా నడచుచున్నదని పిల్లలు వ్రాసినది అబద్ధము కాదు. అయితే నడక నెమ్మదిగా నున్నదని కాళ్లు నరికివేయుదుమా?

ఇక సినిమా సంగతి చూతము. 1981లో దర్శకుడు ఎస్. ఎ. చంద్రశేఖరన్ తమిళములో “సట్టం ఒరు ఇరుట్టరై” అను చిత్రము తీసెను. చట్టమొక చీకటిగది యని ఆ పేరునకర్థము. అదే సంవత్సరము అదే కథ తెలుగులో “చట్టానికి కళ్లు లేవు” అను పేర వచ్చినది. పిదప 1983లో హిందీలో “అంధా కానూన్” అయినది. మూడు భాషలవారును ఆదరించిన కథ యది. కోర్టులో శిక్ష తప్పించుకొన్న హంతకులను కథానాయకుడే శిక్షించును. నాలుగు దశాబ్దములు దాటినను ఆ కథ పాతబడలేదు. నటులు మారిరి, తుపాకులు మారినవి, పాటలు మారినవి. కథ మాత్రము అదియే.

ఆ కథ మనకింత నచ్చుటకు కారణమేమి? మన కళ్లతోనే మనము నేరమును చూచితిమి. కెమెరా హంతకుని ముఖమును దగ్గరగా చూపించినది. అతడు నవ్విన నవ్వు కూడ మనకు వినబడినది. ఇంక సందేహమెక్కడిది? కోర్టులో న్యాయవాది నిలుచుండి “సాక్ష్యమెక్కడ?” అని అడిగినప్పుడు మనకు ఒళ్లు మండుట సహజమే. మనము చూచితిమి గదా! సినిమాలో నేరస్థుడెవడో అందరికిని తెలిసియుండుటకు కారణము, దర్శకుడు ముందుగానే మనకు చెప్పియుండుట. నిజజీవితములో అట్టి దర్శకుడు లేడు. రాత్రివేళ నిర్జనమైన దారిలో జరిగిన హత్యను ఏ కెమెరాయు దగ్గరగా చూపింపదు. శవము దొరకును, రక్తపు మరకలు దొరకును, ఒకడు చూచితినని చెప్పును, ఇంకొకడు కాదనును. వీటినన్నిటిని విని, తూచి, నిజమును వెలికి తీయవలెను. నిజము నిలుకడమీద తేలునని మన పెద్దలు చెప్పినది ఇందుకే. సినిమాకు కథ ముందే తెలియును. చట్టము వినినగాని తెలిసికొనజాలదు. ఆ రెంటికిని గల భేదమంతయు ఇదియే.

వినుట యనునది ఎంత గొప్ప విషయమో నాకు ఒక బస్సు ప్రయాణములో తెలియవచ్చినది. ఇరువది యేండ్ల క్రిందట నేను తెలుగు పండిత శిక్షణకై తిరుపతిలో నుంటిని. ఒక శనివారమునాడు చిత్తూరు నుండి తిరుపతికి పోవు బస్సులో ఒక స్త్రీ తన చేతిసంచి పోయినదని గోల పెట్టెను. అందులో ఆమె కూతురి ఫీజు డబ్బు ఉన్నదట. ఆమె వెనుక సీటులో మాసిన పంచె కట్టుకొన్న కూలివాడొకడు కూర్చుండియుండెను. ఎవరో అతనిని “నీవే తీసితివా?” అని తెలుగులో గద్దించి అడిగిరి. అతనికి ఆ మాట తెలియలేదు, తెల్లబోయి చూచెను. “చూడుడు, ఎట్లు నటించుచున్నాడో!” అని మరియొకరు లేచి రెండు దెబ్బలు కొట్టిరి. అప్పుడతడు “నాన్ ఎడుక్కలె, సార్! నాన్ ఎడుక్కలె!” అని ఏడ్చెను.

నేను హోసూరువాడను గనుక నాకు తమిళము వచ్చును. లేచి, అతడేమి చెప్పుచున్నాడో వినుడని అందరిని వేడుకొంటిని. అతడు చెప్పినది ఇంతే: తాను చిత్తూరులో ఎక్కలేదు, నడుమ ఒక పల్లెవద్ద ఎక్కితిని, టిక్కెట్టు చూచుకొనవచ్చును. కండక్టరు టిక్కెట్టు చూచెను. అతడు చెప్పినది నిజమే. ఇంకొక విచిత్రము వినుడు. బస్సు చిత్తూరు స్టాండు విడిచినప్పటి నుండియే సంచి కనబడుటలేదని ఆ స్త్రీ మొదటినుండియు చెప్పుచునే యున్నదట! కోపముతో ఊగిపోవుచున్న ఆ జనములో ఆమె మాటను కూడ ఎవరును సరిగా వినలేదు. ఆమె పక్షమున కొట్టినవారు ఆమె చెప్పినది వినలేదు. దెబ్బలు తిన్నవాడు చెప్పినది వారికి తెలియలేదు. ఆ సంచి దొరకలేదు. దానిని తీసినదెవరో నేటికిని నాకు తెలియదు. అతనిని కొట్టుచున్నంత సేపును అసలు దొంగను వెదకినవారు మాత్రము ఒక్కరును లేరు.

ఆ రోజున ఆ తమిళ కూలివాని స్థితిలో మనవాడెవడైనను ఉండవచ్చును. అరవనాటను, కన్నడనాటను, ఒడిశాలోను, మహారాష్ట్రములోను తరతరములుగా కాపురమున్న తెలుగువారమైన మనకు ఈ సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు. మన భాష తెలియని చోట మనము నిలుచుండి మాట్లాడినప్పుడు, మన తడబాటు ఎదుటివారికి అబద్ధమువలె వినిపించును. మౌనము నేరమును ఒప్పుకొన్నట్లు కనిపించును.

ఇందుకు ఉదాహరణముగా ఒక యథార్థవృత్తాంతము కలదు. 1983లో పొట్టచేతబట్టుకొని గుంటూరు చేరిన తమిళ కూలీలు కొందరిని పోలీసులు పట్టుకొని, చేయని నేరమును ఒప్పుకొనుమని హింసించిరి. వారిలో ఒకడైన కోయంబత్తూరు వాసి ఎం. చంద్రకుమార్ పిమ్మట ఆటో నడుపుచు జీవించుచునే తన అనుభవమును “లాకప్” అను నవలగా వ్రాసెను. దానిని ఆధారము చేసికొని వెట్రిమారన్ 2015లో “విసారణై” అను తమిళచిత్రమును నిర్మించెను. ఉత్తమ తమిళచిత్రముగా దానికి జాతీయ బహుమతి లభించినది. ఆ చిత్రములో, కూలీలను కోర్టునకు తెచ్చినప్పుడు వారు చెప్పునది న్యాయాధికారికి తెలియదు. వేరొక పనిమీద అచ్చటికి వచ్చిన తమిళ పోలీసు ఉద్యోగి ఒకడు వారి మాటలను తెలుగులో వినిపించును. వినగానే న్యాయాధికారి వారిని విడిచిపెట్టును. వారి ప్రాణములు నిలిపినది తుపాకి కాదు, అనువాదము! అయితే తరువాతి కథలో, స్వభాషాప్రాంతమునకు తిరిగి వచ్చిన పిదప కూడ వారికి రక్షణ దొరకదు. కనుక ఇది ఒక భాషవారు మరియొక భాషవారికి చేసిన అన్యాయముగా మనము తలపరాదు. వినని అధికారము ఏ భాష మాట్లాడినను ఒక్కటే. ఆ చిత్రము మిక్కిలి కఠినమైనది. పెద్దలు చూడదగినదే గాని చిన్నపిల్లలకు చూపదగినది కాదు.

మన చట్టములను చేసినవారు ఈ అపాయమును ఎరిగియే యుండిరి. పోలీసు అధికారి యెదుట ఒప్పుకొన్న నేరమును నిందితునిపై రుజువుగా చూపరాదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన కొత్త సాక్ష్య చట్టములోను ఆ నియమము నిలిచియున్నది. దెబ్బలకు తాళలేక పలికిన మాట నిజము కాకపోవచ్చునని దాని భావము. అరెస్టు చేసినవానికి కారణము తెలుపవలెననియు, ప్రయాణకాలము పోగా 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందర నిలుపవలెననియు రాజ్యాంగము 22వ అధికరణము శాసించుచున్నది. సాక్షి చెప్పినది నిందితునకు తెలియని భాషలో నున్నచో, దానిని అతనికి తెలిసిన భాషలో కోర్టులోనే వినిపింపవలెనని 1973 నాటి నేర విచారణ స్మృతి 279వ సెక్షను చెప్పినది. కొత్త స్మృతిలోను ఆ యేర్పాటు కలదు.

భాషావిషయమున 1962లో సుప్రీముకోర్టు చెప్పిన తీర్పు ఒకటి మనవంటివారందరును జ్ఞాపకముంచుకొనదగినది. మహారాష్ట్రములో హరికిసన్ అను నతనిని ముందు జాగ్రత్త నిర్బంధములో నుంచి, అందుకు కారణములను ఇంగ్లీషులో వ్రాసి యిచ్చిరి. అతనికి ఇంగ్లీషు రాదు. హిందీలో ఇండని అడిగెను, అధికారులు నిరాకరించిరి. కాగితము చేతికిచ్చినంత మాత్రమున తెలిపినట్లు కాదనియు, అతనికి అర్థమగు భాషలో తెలుపవలెననియు నిర్ణయించి సుప్రీముకోర్టు అతనిని విడిపించినది. తుపాకికి ఏ భాషయు అక్కరలేదు. చట్టమునకు మాత్రము నీ భాష కావలెను. ఈ రెంటిలో మనవంటివారికి ఏది మేలో తల్లిదండ్రులే ఆలోచింపవలెను.

ఇప్పుడు మరల 2019 నాటి సంగతికి వత్తము. ఆ కాల్పులపై విచారణకు సుప్రీముకోర్టు విశ్రాంత న్యాయమూర్తి వి. ఎస్. సిర్పుర్కర్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిషనును నియమించినది. 2022లో వెల్లడియైన నివేదికలో, పోలీసులు చెప్పిన కథనము నమ్మదగినది కాదనియు, చంపవలెనను ఉద్దేశముతోనే కాల్చిరనియు కమిషను అభిప్రాయపడినది. మరణించిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడ చెప్పినది. కమిషను నివేదిక కోర్టు తీర్పు కాదను మాట నిజమే. వారు నిర్దోషులని కూడ నేననుటలేదు. నేనడుగునది వేరు. ఆ యువతికి జరిగిన ఘోరముపై ఏ న్యాయస్థానమైనను సాక్షులను విని, ఇది నిజము, వీరు దోషులు అని తీర్పు చెప్పినదా? చెప్పలేదు; ఇక చెప్పుటకు వీలునులేదు. ఆమె కుటుంబమునకు రావలసిన తీర్పు ఆ తెల్లవారుజామున నిందితులతోపాటే పోయినది.

తమిళనాట చదువు మన పిల్లలకు కణ్ణగి కథ తెలిసినదే. పూంపుహారు నుండి బ్రతుకుతెరువు వెదకుచు మధుర చేరిన కోవలన్, భార్య కాలి అందెను అమ్మబోయెను. అది రాణిగారి అందెయే యని స్వర్ణకారుడు చెప్పగా, పాండ్యరాజు విచారింపకయే అతనిని చంపించెను. కణ్ణగి రెండవ అందెతో సభకు వచ్చి దానిని పగులగొట్టగా అందులోనుండి మాణిక్యములు రాలినవి. రాణిగారి అందెలో నున్నవి ముత్యములు. రాజు తన తప్పు తెలిసికొని అచ్చటనే ప్రాణము విడిచెను. పరదేశియగు ఒక మనిషిని అడిగియుండిన, ఆ అందెను ఒక్కసారి చూచియుండిన, మధుర కాలకుండెడిది. బస్సులోని వారికి టిక్కెట్టు ఎట్టిదో, పాండ్యరాజునకు ఆ అందె అట్టిది.

సినిమాలన్నియు చెడ్డవని చెప్పుట నా ఉద్దేశము కాదు. వినుట నేర్పు చిత్రములును ఇటీవల వచ్చుచున్నవి. 2021లో వచ్చిన “జై భీమ్” అను తమిళచిత్రము, 1993 నాటి ఒక యథార్థమైన పోలీసు నిర్బంధ మరణము కథ. న్యాయవాదిగా నుండి తరువాత మదరాసు హైకోర్టు న్యాయమూర్తియైన కె. చంద్రు వాదించిన కేసు అది. అందులో నాయకుడు ఎవరిని కొట్టడు, ప్రశ్నలడుగును. ఆ చిత్రమునే తీసిన టి. జె. జ్ఞానవేల్ 2024లో “వేట్టయన్” తీసెను. కాల్పులకు పేరుమోసిన పోలీసు అధికారి తాను చంపినవాడు నిర్దోషియని తెలిసికొనుట దాని కథ. తెలుగులో 2021లో “నాంది”, 2025లో “కోర్ట్” అను చిత్రములు అన్యాయముగా నేరము మోపబడిన యువకుల కథలు చెప్పినవి. వీటిని జనులు ఆదరించిరి. కోర్టులో వాదన వినుట కూడ తుపాకి మ్రోతవలె ఉత్కంఠ కలిగింపగలదని వీటివలన రుజువైనది.

ఆలస్యమునకు మందు కాల్పులు కావు. న్యాయమూర్తుల ఖాళీలు నింపుట, సాక్షులకు రక్షణ కల్పించుట, నేరస్థలమున ఆధారములను శాస్త్రీయముగా సేకరించుట ప్రభుత్వము చేయవలసిన పనులు. వీటికై అడుగుట మన పని. అడుగుటకు ముందు మన హక్కులను మనము తెలిసికొనవలెను. నేరము ఎచ్చట జరిగినను ఏ పోలీసు స్టేషనులోనైనను ఫిర్యాదు చేయవచ్చును. నోటితో చెప్పినదానిని వ్రాసికొని, తిరిగి చదివి వినిపించి, పిదపనే సంతకము తీసికొనవలెను. దాని ప్రతిని ఉచితముగా ఇయ్యవలెను. పేదవారికి, స్త్రీలకు, పిల్లలకు ఉచిత న్యాయసహాయము కలదు. 15100 నంబరునకు ఫోను చేయవచ్చును. ఆపదలోనున్న పిల్లలకు 1098 కలదు.

మన హోసూరు, బాగలూరు ప్రాంతములలో తమిళము చదువలేని తెలుగు పెద్దలు నేటికిని ఎందరో కలరు. స్టేషనులోని కాగితము తమిళములో నుండును. విద్యార్థులారా, మీరు తెలుగును తమిళమును రెండును చదువుచున్నారు. మీ తాతగారు, అవ్వగారు సంతకము చేయబోవు కాగితమును వారికి చదివి వినిపింపుడు. పరభాషవాడు మన వీధిలో చిక్కుకొన్నప్పుడు, నలుగురును చేయి యెత్తకముందే మీరు “అతడేమి చెప్పుచున్నాడో వినుడు” అని అడ్డుపడుడు. మీరు నేర్చిన రెండు భాషలకును ఇంతకంటె గొప్ప ప్రయోజనము నాకు తోచుటలేదు.

2024 అక్టోబరులో సుప్రీముకోర్టులో న్యాయదేవత కొత్త విగ్రహము వెలసినది. ఆమె కన్నులకు గంతలు లేవు; చేతిలో ఖడ్గమునకు బదులు రాజ్యాంగ గ్రంథమున్నది. చట్టమునకు కళ్లు లేవని 1981లో సినిమా చెప్పినదానికి ఇది జవాబని కొందరనవచ్చును. సంతోషమే. అయితే కళ్లకంటెను ఆమెకు చెవులు ముఖ్యము. కన్నుల గంతలు విప్పినట్లే ఆమె చెవులు కూడ ఎల్లప్పుడును తెరచియుండవలెనని మనము కోరవలెను.

“అందరికిని తెలిసినదే గదా” అని వ్రాసిన ఆ బాలుడు ఈ సంవత్సరము పదవ తరగతిలో నున్నాడు. ఈ వ్యాసము చదివిన పిదపను అతనికి నాతో సమ్మతి లేకున్నచో, తన వాదమును వ్రాసి వచ్చు సంచికకు పంపవలెనని కోరుచున్నాను. అతడు చెప్పునది మొదటినుండి చివరివరకు శ్రద్ధగా విందును.